చిలకల మెడలో మట్టిపూసలు

అనగా అనగా, ఏరు మలుపు తిరిగే చోట కంకణపురమని ఒక రాజ్యం. ఆ రాజ్యానికి ధర్మకేతుడని ఒక రాజు. రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, వాడికి గుర్రాలంటే ప్రాణం. నడిమివాడు గుణధీరుడు, వాడికి పడవలంటే ప్రాణం. చిన్నవాడు సుధీరుడు. వాడికి మాత్రం మట్టంటే ప్రాణం.

రాజుగారి కొడుక్కి మట్టేమిటి అని మీరడుగుతారు. రాజుగారూ అదే అడిగేవారు. అడిగినప్పుడల్లా సుధీరుడు, "ఇదిగో, చేతులు కడుక్కుంటున్నా నాన్నగారూ" అనేవాడు. కడుక్కుని, మళ్ళీ కుమ్మరి గురవయ్య ఇంటికే పోయేవాడు.

గురవయ్యకి చెంగలువ అని ఒక్కతే కూతురు. తండ్రి కుండలు చేస్తే ఆ పిల్ల పూసలు చేసేది. ఏటి ఒడ్డు మట్టిని నానబెట్టి, గుడ్డలో వడగట్టి, వెన్నలా మెదిపేది. చిటికెడు తీసుకుని అరచేతుల మధ్య గుండ్రంగా తిప్పేది. కొబ్బరి ఈనెతో బెజ్జం పొడిచేది. నీడలో ఆరబెట్టి, నున్నటి గులకరాయితో రుద్ది, ఊకలో కాల్చేది. గాలి తగిలేలా కాలిస్తే ఎర్రపూస. పొగ బయటికి పోకుండా మూసేస్తే నల్లపూస. సుధీరుడు పక్కన కూర్చుని తనూ చేసేవాడు. వాడు పొడిచిన బెజ్జం ఎప్పుడూ ఒక పక్కకి పోయేది.

"ఇది పూసా, బొంగరమా చిన్నరాజా?" అని నవ్వేది చెంగలువ.

"పూసే. తిరగాలని సరదా పడుతోంది" అనేవాడు సుధీరుడు.

అలా నవ్వుకుంటూ నవ్వుకుంటూ ఒకరంటే ఒకరికి ఇష్టం కుదిరింది.

ఒక ఏడు రాణిగారికి జ్వరమొచ్చింది. జ్వరం తగ్గింది కానీ మనిషి బాగా నీరసించిపోయింది. ఆమె పుట్టినరోజున ముగ్గురు కొడుకులూ మూడు హారాలు తెచ్చారు. పెద్దవాడు కాసులపేరు తెచ్చాడు. మెడలో వెయ్యగానే, "అబ్బ, బరువురా నాయనా" అంది రాణి. నడిమివాడు ముత్యాలహారం తెచ్చాడు. "అబ్బ, చలిరా నాయనా" అంది. చిన్నవాడు మట్టిపూసల దండ తెచ్చాడు. మూడు ఎర్రపూసలకో నల్లపూస, నడుమ చిన్న మట్టి తామరమొగ్గ. అది మెడలో పడగానే రాణి ముఖం విచ్చుకుంది.

"ఉన్నట్టే లేదురా! ఎవరు చేశారు?"

"కుమ్మరి గురవయ్య కూతురు చెంగలువ చేసిందమ్మా. నేనా పిల్లని పెళ్ళి చేసుకుంటాను."

రాజుగారు గభాలున లేచారు. "కుమ్మరి పిల్ల నాకు కోడలా? కుదరదంటే కుదరదు!"

రాణి మాత్రం ఆ దండ మెడలోంచి తియ్యలేదు.

రాణిగారి మెడలో కుమ్మరి పిల్ల చేసిన మట్టిపూసలట అన్న మాట ఊళ్ళు దాటింది, సముద్రాలు దాటింది. ఏడు సముద్రాల అవతల చిలకలదీవిలో కంబళుడనే మాంత్రికుడి చెవిన పడింది. కంబళుడి ప్రాణం వాడి ఒంట్లో లేదు. ఒక ముసలి చిలక మెడలో, ఎర్రటి పూసలో ఉంది. ఆ పూసని ఎవడు పగలగొడతాడోనని వాడికి ఒకటే దిగులు. అచ్చం అలాంటి పూసలు చెయ్యలేకపోయిన ముగ్గురు కుమ్మర్లని అప్పటికే మట్టిబొమ్మలు చేశాడు. 'ఈసారి ఆ పిల్ల చేత సరిగ్గా నా పూసలాంటివే ఇంకో తొంభైతొమ్మిది చేయించి, తొంభైతొమ్మిది చిలకలకి కడితే? నా ప్రాణం ఎక్కడుందో ఎవడు కనిపెడతాడు?' అనుకున్నాడు.

అనుకున్నదే తడవు, గురవయ్య వాకిట్లో దిగాడు. పూసలు ఆరబెడుతున్న చెంగలువ మీద తన నల్ల కంబళి విసిరాడు. కంబళీ లేదు, మాంత్రికుడూ లేడు, పిల్లా లేదు.

గురవయ్య గుండెలు బాదుకుంటూ కోటకి పరిగెత్తుకొచ్చాడు. ముసలాయన ఏడుపు చూసి రాజుగారు సింహాసనం దిగి వచ్చారు. సుధీరుడు అప్పటికే గురవయ్య ఇంటికి పోయి, వాకిలంతా వెతుకుతున్నాడు. ఎటు పోవాలో తెలియక, మట్టి మోసే గాడిదని పట్టుకుని, "నువ్వైనా చూశావటే?" అన్నాడు దుఃఖంతో.

"చూశాను. నల్ల కంబళివాడు తూర్పుకి ఎత్తుకుపోయాడు" అంది గాడిద.

సుధీరుడు నోరు తెరిచాడు. "నీకు మాటలొచ్చా? ఇన్నాళ్ళూ మాట్లాడలేదేం?"

"ఇన్నాళ్ళూ నన్నెవరూ ఏమీ అడగలేదు" అంది గాడిద.

సుధీరుడు బయలుదేరాడు. పెద్దన్న తన మంచి గుర్రాన్నిచ్చాడు. నడిమన్న తన మంచి పడవనిచ్చాడు. తల్లి అటుకులు మూటగట్టి ఇచ్చింది. రాజుగారు ఏమివ్వాలో తోచక, కొడుకు తలపాగా సర్ది పంపారు.

గుర్రం మూడు పగళ్ళు పరిగెత్తి తూర్పు ఒడ్డుకి చేర్చింది. పడవ మూడు సముద్రాలు దాటింది. నాలుగో సముద్రంలో తుఫాను పట్టుకుని పడవని ముక్కలు చేసింది. ఈది ఈది సుధీరుడు ఒక ఇసుకతిన్నె మీద పడ్డాడు. అక్కడ కొండంత తాబేలు వెల్లకిలా పడి కాళ్ళాడిస్తోంది.

"నాయనా, మూడు రోజులుగా ఆకాశాన్నే చూస్తున్నాను. దాంట్లో చూడ్డానికేమీ లేదు. కాస్త తిప్పి పుణ్యం కట్టుకో" అంది.

సుధీరుడు పడవ చెక్క తెచ్చి, కింద పెట్టి, ఒళ్ళంతా బరువు వేసి దాన్ని బోర్లా తిప్పాడు. నడుముకి కట్టుకున్న అటుకుల్లో సగం పెట్టి, తను వెతుకుతున్నవాడి సంగతి చెప్పాడు. "నల్ల కంబళివాడి ఇల్లా? నాకు తెలుసు, ఎక్కు" అంది తాబేలు. ఎక్కించుకుని నాలుగో సముద్రం దాటింది, అయిదోది దాటింది, ఆరోది దాటింది, ఏడోది దాటి చిలకలదీవిలో దింపింది.

మాంత్రికుడి వాకిట్లో మూడు మట్టిబొమ్మలున్నాయి. మూడూ ముసలి కుమ్మర్ల బొమ్మలే. లోపల పాకలో చెంగలువ పొయ్యి ముందు కూర్చుని ఉంది. సుధీరుణ్ణి చూడగానే ఒక్క పరుగున వచ్చి చేతులు పట్టుకుంది.

"వచ్చారా? పూసలన్నీ అయిపోయేలోగా మీరు రారేమోనని, ఆరని పూసల్ని మంటలో వేసి పగలగొడుతూ వచ్చాను. మూడుసార్లయింది, వాడు కనిపెట్టేశాడు. ఇవాళ సాయంత్రానికి ఆఖరి పూస ఇవ్వకపోతే నన్నూ ఆ వాకిట్లో నిలబెడతానన్నాడు."

"మాంత్రికుల ప్రాణం ఒంట్లో ఉండదంటారు. వీడిదెక్కడుంది?"

"నేను చూసి చెయ్యాల్సిన మచ్చు పూసలో. దాన్ని దూరం నుంచి చూపించాడే కానీ చేత్తో ముట్టుకోనివ్వలేదు. అప్పుడే అనుకున్నాను. ఇప్పుడది నూరు చిలకల్లో ఏ చిలక మెడలో ఉందో తెలియదు. చిలకల మెడలో తప్పు పూస పగిలితే మనమే మట్టయిపోతామట. వాడే గొప్పగా చెప్పుకున్నాడు."

చెంగలువ పిడికిలి విప్పి అప్పుడే కాల్చిన ఆఖరి పూస చూపించింది. సుధీరుడు వంగి చూశాడు. తడిజుట్టులోంచి ఒక నీటిబొట్టు పూస మీద పడింది. పడ్డది పడ్డట్టే లోపలికి ఇంకిపోయింది. పూస నల్లబారింది.

"అరె, తాగేసింది!"

"కాల్చిన మట్టి కదా, తాగుతుంది మరి," అంటూనే చెంగలువ ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "వాడి పూస మట్టి కాదు. అది తాగదు!"

మిట్టమధ్యాహ్నం. మాంత్రికుడు భోంచేసి గుర్రుపెడుతున్నాడు. ఇద్దరూ కలిసి మట్టి నానబెట్టే తొట్టిని ఎండలోకి ఈడ్చి, నిండా మంచినీళ్ళు పోశారు. ఎండకి మాడిపోతున్న చిలకలు గుంపులు గుంపులుగా దిగాయి. ములిగాయి, రెక్కలు కొట్టుకున్నాయి, ఒకదాని మీద ఒకటి నీళ్ళు చల్లుకున్నాయి. పైకి లేచేసరికి అన్ని పూసలూ ముదురు రంగు తిరిగాయి. ఒక్క ముసలి చిలక మెడలో పూస మాత్రం పొడి పొడిగా, ఎర్రగా మెరుస్తోంది.

"నన్నే చూస్తున్నారా? తొందరగా తెంపండి తల్లీ, మెడంతా బోడైపోయింది" అంది చిలక.

కానీ చిలకల గోలకి మాంత్రికుడు లేచాడు. జడలు ఊపుకుంటూ వచ్చి మంత్రం చదివాడు. సుధీరుడు అడ్డంగా నిలబడ్డాడు. సుధీరుడి పాదాలు మట్టయ్యాయి. చెంగలువ దారం తెంపి, పూసని గడప మీద పెట్టి, గులకరాయితో కొట్టింది. పగల్లేదు. సుధీరుడు నడుం దాకా మట్టయ్యాడు. మళ్ళీ కొట్టింది. పగల్లేదు. మెడ దాకా మట్టయ్యాడు.

"చెంగలువా, భయపడకు" అన్నాడు.

ఆ పిల్ల కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఉన్న బలమంతా చేతుల్లోకి తెచ్చుకుని మూడోసారి కొట్టింది. పూస టప్పున పగిలింది. మాంత్రికుడు గుప్పెడు బూడిదై గాలికి పోయాడు. సుధీరుడి ఒంటి మీది మట్టంతా పెచ్చులు పెచ్చులుగా రాలింది. వాకిట్లో ముగ్గురు ముసలి కుమ్మర్లూ కళ్ళు నులుముకున్నారు. వాళ్ళలో పెద్దాయన అడిగిన మొదటి మాట, "కుండలు కాల్చిన ఆవం చల్లారిందా?" అని.

అందరినీ చూసి తాబేలు, "ఇంతమందా!" అని సణిగింది. సణుగుతూనే ఎక్కించుకుంది. చిలకలు నీడ పట్టి వెంట ఎగిరాయి.

ఇక్కడ కంకణపురంలో ఏం జరిగిందో చెప్పాలి. కొడుకు వెళ్ళిన దగ్గర్నుంచీ రాజుగారికి తిండి సయించేది కాదు. దిగులు తట్టుకోలేక రోజూ గురవయ్య ఇంటికి పోయి కూర్చునేవారు. ఇద్దరు తండ్రులూ తూర్పుకేసి చూస్తూ ఉండేవారు. చూసి చూసి ఒకరోజు గురవయ్య, "ఊరికే కూర్చుంటే మనసు పాడవుతుంది మహారాజా" అని ఒక మట్టిముద్ద చేతిలో పెట్టాడు.

పిల్లలు తిరిగొచ్చారు. ఊరంతా ఎదురు వెళ్ళింది. రాణి ఇద్దరినీ ఒకేసారి కౌగిలించుకుంది. గురవయ్య కూతురి తల నిమురుతూ నిలబడిపోయాడు. రాజుగారు మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుని, తప్పు చేసిన పిల్లాడిలా వచ్చారు.

"అమ్మా చెంగలువా, నేను కుదరదన్నాను. తప్పు మాట అన్నాను. ఇది నీ పెళ్ళికని నేనే చేశాను."

గుప్పిట్లో ఒక దండ. ఇరవైయొక్క పూసలు. ఒకటి చింతగింజలా ఉంది, ఒకటి వంకాయలా ఉంది, ఒక్కటీ గుండ్రంగా లేదు. చెంగలువ ఒక్కో పూసనీ వేలితో తడిమి చూసింది.

"ఎంత బాగున్నాయి మామగారూ! మీరే వెయ్యండి" అని తల వంచింది.

పెళ్ళిలో ఆ పిల్ల ఒంటి మీద బంగారముంది, ముత్యాలున్నాయి. అన్నిటికీ పైన ఆ వంకర పూసలే ఉన్నాయి. వచ్చినవాళ్ళందరికీ రాజుగారు, "అవి నేను చేసినవే" అని చెప్పుకుంటూ తిరిగారు. అన్నలిద్దరూ తమకి గుర్రాలూ పడవలూ చాలన్నారు. ఆ తర్వాత సుధీరుడూ చెంగలువా ముసలివాళ్ళయ్యేదాకా, మునిమనవల్ని ఎత్తుకునేదాకా, ఆ రాజ్యాన్ని చల్లగా, నవ్వుతూ ఏలుకున్నారు.