మాటలు మింగిన చిలుక

అనగనగా ఒక రాజు. ఆయన రాజ్యం వెన్నెలకోట. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతుడు కత్తి తిప్పితే గాలి రెండు ముక్కలయ్యేది. రెండోవాడు గజకేతుడు మదపుటేనుగును చెవి పట్టుకుని కూర్చోబెట్టేవాడు. మూడోవాడు మణికేతుడికి తాటాకులూ గంటమూ ఉంటే చాలు, అన్నం కూడా అక్కర్లేదు. రాస్తున్న కథలో ఒక్క మాట కుదరకపోతే మూడు రోజులు వెతికేవాడు. దొరికితే వాడికి పండగ, దొరక్కపోతే ఇంటిల్లిపాదికీ తంటా.

మాటలంటే అంత ప్రేమ గనుక, ఎవరైనా తప్పుగా పలికితే వాడికి ఒళ్ళు మండేది. వంటవాడు "కూర కాలిపోయింది బాబూ" అంటే, "కాలేది ఇల్లు! కూర మాడుతుంది!" అని కసిరేవాడు.

ఒకనాడు సభకు ఒక మాంత్రికుడు వచ్చాడు. వాడి పేరు ఎవరికీ తెలియదు. భుజం మీద చిలుక, నడుముకు పిచ్చుక తలల దండ.

"రాకుమారా, నా మీద ఒక పద్యం రాయి. అందులో నన్ను దయాసముద్రుడని పొగుడు" అన్నాడు.

మణికేతుడు ఆ దండ చూశాడు. "ఆ మాట నీకు అతకదు. రాయను" అన్నాడు.

"అంత తీపా నీకు మాటలంటే? అయితే నువ్వొక్కడివే ఉంచుకో" అని మాంత్రికుడు చిటిక వేశాడు. అంతే! వెన్నెలకోటలో అందరి నోళ్ళ నుంచీ మాటలు ఉసిళ్ళలా లేచాయి. చిలుక వాటిని గుటుక్కు గుటుక్కున మింగేసింది. మాంత్రికుడు మాయమయ్యాడు.

ఒకరికి పది మాటలు పోయాయి, ఒకరికి వంద పోయాయి. మణికేతుడికి మాత్రం ఒక్కటీ పోలేదు. అదే వాడి కొంప ముంచింది. తెల్లారేసరికి వాడి గుమ్మం ముందు జనం బారులు తీరారు.

"బాబూ, అది కావాలి. అదే, చెక్కేది" అన్నాడు వడ్రంగి.

"బాడిసా?"

"కాదు."

"చిత్రికా?"

"అబ్బా, అది కాదండీ, అది!"

"ఉలా?"

"ఆఁ! అదే!" అని సంబరంగా రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. "బాబూ, ఏమన్నారూ?"

ఆఖరికి రాజుగారే వచ్చారు. "నాయనా, నేను నెత్తిన పెట్టుకుంటానే..."

"కిరీటం నాన్నగారూ, కిరీటం! పొద్దుట్నుంచి ఇది ఏడోసారి!"

మణికేతుడికి గంటం ముట్టుకునే తీరిక లేదు, కంటి మీద కునుకు లేదు. "ఈ మనుషులు నన్ను చంపుకు తింటున్నారు!" అని తలుపులు బిగించుకున్నాడు.

పదోనాడు ఏటి గట్టున ఒక తల్లి బట్టలు ఉతుకుతుంటే పక్కన ఆడుకుంటున్న బిడ్డ జారి నీళ్ళలో పడ్డాడు. ఆమె నోరు తెరిచింది. బిడ్డ అనే మాట లేదు, నీళ్ళు అనే మాట లేదు, కాపాడండి అనే మాట లేదు. "అది! అదిగో! అది!" అని గుండెలు బాదుకుంది. గట్టు మీది జనం "ఏది? ఏది?" అంటూ నాలుగు దిక్కులూ చూశారు. ఒక జాలరి అర్థం చేసుకుని దూకేసరికి బిడ్డ నీలంగా మారాడు. వాడు కళ్ళు తెరవడానికి జాము పట్టింది.

సంగతి విన్న మణికేతుడు విసుగంతా దిగిపోయి తలుపులు తెరిచాడు. ఇది తనకొక్కడికే చికాకు అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

మాంత్రికుణ్ణి పట్టడానికి మొదట పెద్దవాడు బయల్దేరాడు. గాలివానలో తెరచాప దించమనడానికి మాట దొరక్క పడవ విరిగి, ఈదుకుంటూ ఇల్లు చేరాడు. తరువాత రెండోవాడు బయల్దేరాడు. వాడికి కుడి అనే మాట పోయింది. పడవను ఎడమకే తిప్పించి, ఏడు రోజులు ఒకేచోట గుండ్రంగా తిరిగి వచ్చాడు. మూడోసారి మణికేతుడు బయల్దేరాడు.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు వలలో చిక్కుకుని ఉంది. మణికేతుడు వల కోసి విడిపించి, తను ఎవరి కోసం వెతుకుతున్నాడో చెప్పాడు.

"మాంత్రికుడి దీవి ఏడు సముద్రాల అవతల. నేను దింపుతాలే, ఎక్కు" అంది తాబేలు. "నేను అటు వెళ్ళి ఎన్నాళ్ళయిందీ... ఆ రోజు సోమవారం. కాదు, మంగళవారం. ఉండు, సోమవారమే..."

ఉప్పు సముద్రం దాటారు, చెరుకురసం సముద్రం దాటారు, ఏడు సముద్రాలూ దాటారు. తాబేలు మాత్రం మంగళవారం దాటలేదు. మణికేతుడు పళ్ళు నూరుకుంటూ దీవి మీద దిగాడు.

కోటలో మాంత్రికుడు లేడు. ఒక గదిలో ఒక అమ్మాయి ఉంది. మణికేతుణ్ణి చూడగానే బొగ్గు ముక్క తీసి గోడ మీద రాసింది. "నేను కువలయను. మరకతద్వీపం రాజు కూతుర్ని. వాణ్ణి పెళ్ళాడనన్నానని ఏడేళ్ళ కిందట నా గొంతు లాగేశాడు. చిలక ఏ మాట పలికితే ఆ మాట సొంతవాళ్ళ దగ్గరికి ఎగిరిపోతుంది. అందుకే దాన్ని నోరెత్తనివ్వడు. వాడి ప్రాణం వాడి పేరులో ఉంది. ఆ పేరూ చిలక పొట్టలోనే ఉంది, అది బయటపడితే వాడు చస్తాడు. చిలకను చంపితే మాటలన్నీ చస్తాయి. జాగర్త."

మణికేతుడు పైనుంచి కింది దాకా చదివాడు. "చిలక కాదు, చిలుక. జాగర్త కాదు, జాగ్రత్త" అన్నాడు.

కువలయ బొగ్గు ముక్క వాడి ముఖాన విసిరింది. ఇంకోటి తీసి రాసింది. "ముందు పని చూడు. తరవాత దిద్దుదువుగాని."

చిలుక పక్క గదిలో ఇత్తడి పంజరంలో ఉంది. మణికేతుడు బతిమాలాడు. చిలుక పలకలేదు. జాంపండు పెట్టాడు. చిలుక తిన్నది గానీ పలకలేదు. వాడికి విసుగు తలకెక్కింది. "నోరు విప్పుతావా, లేక నీ కొమ్ములు విరవమంటావా?" అన్నాడు, రెక్కలు అనబోయి.

చిలుక మెడ మీది ఈకలు నిక్కబొడుచుకున్నాయి. ముక్కు అదిరింది. ఆ చిరాకు ఎలాంటిదో మణికేతుడికి బాగా తెలుసు! వాడు చతికిలబడి కథ మొదలెట్టాడు.

"ఒక ఊళ్ళో ఒక గుర్రం. దానికి నాలుగు చక్రాలు."

చిలుక కళ్ళు మూసుకుంది.

"పొద్దున్నే ఆ గుర్రం అంబా అని మొరిగింది."

"సకిలించింది!" అని అరిచింది చిలుక. ఆ మాట తళుక్కున మెరిసి కిటికీలోంచి ఎగిరిపోయింది.

"ఏనుగు కూసింది."

"ఘీంకరించింది!"

"వడ్రంగి గరిటెతో తలుపు చెక్కాడు."

"ఉలి! ఉలి! ఉలి!"

తప్పు మాట పలికిన ప్రతిసారీ మణికేతుడి నాలుక వేపాకు నమిలినట్టయింది. అయినా ఆపలేదు. గుమ్మంలో కువలయ చప్పుడు లేకుండా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. సాయంత్రానికి వేల మాటలు ఎగిరిపోయాయి.

అప్పుడే మాంత్రికుడు వచ్చి పడ్డాడు. "నోర్ముయ్ చిలుకా!" అని గర్జించి మంత్రం మొదలుపెట్టాడు. మణికేతుడి పాదాలు రాయి కాసాగాయి.

"రావయ్యా, గుమ్మడిరాజా!" అన్నాడు మణికేతుడు. చిలుక గిలగిల్లాడింది గానీ పలకలేదు. మోకాళ్ళు రాయి అయ్యాయి.

"గుమ్మడిరాజువు కావా? అయితే బెండవీరుడివా?" అన్నాడు. చిలుక కాలితో ముక్కు నొక్కి పట్టుకుంది. నడుము దాకా రాయి అయింది.

"పోనీలే చిలుకా. నేను పోయాక వీణ్ణి దయాసముద్రుడని పిలుచుకో."

"దయాసముద్రుడా! వీడా!" చిలుక పంజరం అదిరేలా అరిచింది. "వీడు మౌనభైరవుడు!"

ఆ పేరు నల్లటి గబ్బిలంలా కిటికీ దాటింది. మాంత్రికుడు దాన్ని అందుకోబోయి, చెయ్యి చాపినవాడు చాపినట్టే బూడిదై రాలిపోయాడు. మణికేతుడి కాళ్ళు మళ్ళీ కాళ్ళయ్యాయి.

"ఏడేళ్ళు!" అని ఎవరో కేక పెట్టారు. తిరిగి చూస్తే కువలయ. "ఏడేళ్ళు నోరు కట్టుకుని కూర్చున్న దాని దగ్గరికొచ్చి గుణింతాలు దిద్దుతావా?"

మణికేతుడికి జవాబుకు మాట దొరకలేదు. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. "నన్ను పెళ్ళాడతావా?"

కువలయ చేతిలోని బొగ్గు ముక్క పారేసింది. "ఈ వాక్యంలో తప్పేమీ లేదు" అంది.

పంజరం విడిచిన చిలుకతో కలిపి తాబేలు ముగ్గురినీ ఒడ్డు చేర్చింది. దారిలోనే చిలుక మిగిలిన మాటలన్నీ పలికి పంపేసింది. ఏడు రోజులు పెళ్ళి జరిగింది. చిలుక పందిరి గుంజ మీద కూర్చుని పురోహితుడికి కూడా తప్పులు దిద్దింది. మణికేతుడు రాజై రోజూ రాసేవాడు. కువలయ చదివి, "ఈ మాట తీసెయ్" అనేది. "తియ్యను" అనేవాడు. వాళ్ళ పోట్లాట కోట గుమ్మం దాకా వినిపించేది. అలా పోట్లాడుకుంటూ, పిల్లాపాపలతో అరవై ఏళ్ళు చల్లగా ఏలారు.

కథ ఒడ్డెక్కింది, మనం పక్కలెక్కుదాం.