తెలుసులే మాస్టారు

కాకినాడలో డ్రైవింగ్ స్కూలు నడిపే తాతబ్బాయికి ఎదుటివాళ్ళ మాట సగంలోనే తుంచేసి "తెలుసులే" అనే జబ్బు ఉండేది. ఒకసారి కారు నేర్చుకునే కుర్రాడు "మాస్టారూ, వెనకాల గేదె..." అన్నాడు. "తెలుసులే, రివర్సు వెయ్యి" అన్నాడు తాతబ్బాయి. గేదె బతికింది గానీ బంపరు బతకలేదు. అయినా జబ్బు వదల్లేదు.

ఆ చలికాలంలో తాతబ్బాయి, భార్య వరహాలు, ఆమె అన్న సింహాద్రి కలిసి ఉత్తరాదిన మంచుకొండలు చూడ్డానికి బయల్దేరాలనుకున్నారు. అక్కడ మంచు మీద నడిచే స్కూటర్లు అద్దెకిస్తారు. మనిషికో బండి. ఆ ఇంజన్ల హోరులో ఒకరి కేక ఒకరికి వినపడదని ఎవరో చెప్పారు. అందుకని హెల్మెట్‌కి తగిలించుకుని మాట్లాడుకునే పెట్టెలు కొనడానికి కొట్టుకి వెళ్ళారు.

కొట్టువాడు రెండు రకాలు చూపించాడు. ఒకటి నల్లగా, మొద్దుగా ఉంది. నొక్కి మాట్లాడే మీట రూపాయి బిళ్ళంత ఉంది. రెండోది సన్నగా, తళతళలాడుతూ ఉంది. అందులో పాటలు కూడా వస్తాయి.

"సార్, ఈ మెరిసేది గొలుసు పద్ధతి. మొదటి బండి మాట మధ్య బండికి, అక్కణ్ణించి చివరి బండికి వెళ్తుంది. మధ్యది ఆగిపోయిందంటే..."

"తెలుసులే" అన్నాడు తాతబ్బాయి.

వరహాలు బిడియం మనిషి. నలుగురిలో నోరు విప్పదు. ఆ రోజు మాత్రం మెల్లగా అంది. "ఏవండీ, చేతికి తొడుగులు వేసుకున్నాక ఇంత చిన్న మీట..."

"తెలుసులే వరాలూ. ముందు పాట ఎంత బాగుందో విను."

మెరిసే పెట్టెలే మూడు కొన్నాడు. ఇంటికొచ్చాక ముగ్గురూ హెల్మెట్లు పెట్టుకుని సోఫాలో కూర్చుని పరీక్ష చేశారు. "వినపడుతోందా బావా?" అని అరిచాడు తాతబ్బాయి.

"పక్కనే కూర్చున్నావు కదా బావా, పెట్టె లేకపోయినా వినపడుతుంది" అన్నాడు సింహాద్రి. వరహాలు మొహం తిప్పుకుని నవ్వుకుంది.

మంచులోయలో దారి చూపించే నోర్బు బయల్దేరేముందు హిందీలో జాగ్రత్తలు చెప్పాడు. ముప్పై ఏళ్ళు లారీ నడిపిన సింహాద్రికి ఆ భాష వచ్చు. "బండి మంచులో దిగబడితే వదిలి నడవకూడదట. దీపం ఆర్పకూడదట. మలుపు మలుపుకీ వెనక..."

"తెలుసులే బావా! డ్రైవింగ్ మాస్టారికే చెప్తావా?"

వరహాలు మాత్రం అన్నని పక్కకి పిలిచి, అన్నీ మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది.

ముందు నోర్బు, అతని వెనక తాతబ్బాయి, తర్వాత సింహాద్రి, అందరికంటే చివర వరహాలు. బండ్లు కదిలాయి. చలి ముదరకముందు, తొడుగులు లేకుండానే మీట నొక్కుతూ కాసేపు ముగ్గురూ కబుర్లు చెప్పుకున్నారు. తర్వాత తాతబ్బాయి పాటలు పెట్టుకుని తొడుగులు వేసుకున్నాడు. వెనకవాళ్ళ మాట వినపడటం లేదని అతనికి తోచనేలేదు. వెనక్కి తిరిగి చూడనూలేదు. ఇంతలో పొగమంచు దిగింది. సన్నగా మంచు రాలడం మొదలైంది.

ఒక మలుపు దగ్గర నోర్బు ఆగాడు. వెనక్కి చూసి, ఒక వేలు పైకెత్తి, ప్రశ్నలా మొహం పెట్టాడు. మూడు దీపాలు ఉండాల్సిన చోట ఒక్కటే ఉంది. అది తాతబ్బాయిది.

"వరాలూ! బావా!" పెట్టెలో పాట తప్ప జవాబు లేదు. తొడుగు బొటనవేలితో మీట నొక్కబోయాడు. అది వేలికి అందలేదు. తొడుగు పీకేసి నొక్కాడు. అయినా ఉలుకూ పలుకూ లేదు. ఆ దారికి ఎడమవైపు లోయ.

మంచు కప్పేస్తున్న తమ జాడ పట్టుకునే ఇద్దరూ వెనక్కి వచ్చారు. చాలా దూరం వచ్చాక సింహాద్రి కనిపించాడు. బండి ఆపి, దీపం వెనక్కి తిప్పి నిలబడి ఉన్నాడు.

"నా పెట్టె చలికి ఎప్పుడో చచ్చిపోయింది. ఇక్కడ తిరిగి చూస్తే చెల్లి దీపం లేదు. నువ్వేమో ఆగకుండా పోయావు బావా" అన్నాడు.

కొట్టువాడి సగం మాట అప్పుడు పూర్తయింది తాతబ్బాయికి. మధ్యది ఆగింది. గొలుసు తెగింది. చివర ఉన్నది వరహాలు.

"వరాలూ! వరాలూ!" అంటూ పొగమంచులోకి పరిగెత్తబోయాడు. నోర్బు రెక్క పట్టుకుని ఆపాడు. అయినా అతను అరుస్తూనే ఉన్నాడు.

"బావా, నీకు దణ్ణం పెడతాను, ఒక్క నిమిషం నోరు ముయ్యి!" అన్నాడు సింహాద్రి.

ఇంజన్లు ఆపేశారు. తాతబ్బాయి పళ్ళు బిగించి నిలబడ్డాడు. మంచు రాలుతున్న సవ్వడి. తన గుండె చప్పుడు. తర్వాత, ఎక్కణ్ణించో సన్నగా, టప్. కాస్త ఆగి మళ్ళీ, టప్.

సింహాద్రి మొహం వెలిగింది. "అది మా చెల్లే! లారీ క్లీనరు బాడీ మీద ఒక్క దెబ్బ కొడితే ఆపు, రెండు కొడితే పోనీ. చిన్నప్పుడు నా లారీ ఎక్కి అదే కొడుతూ ఉండేది!"

చప్పుడు వచ్చిన వైపు ఒక్కో అడుగే వేస్తూ వెళ్ళారు. మెత్తటి మంచులో సగం కూరుకుపోయిన బండి. వెలుగుతున్న దీపం. దాని పక్కనే కదలకుండా కూర్చుని, హెల్మెట్‌తో బండిని కొడుతున్న వరహాలు. మీట నొక్కడానికి తొడుగు తీసిందేమో, కుడిచేతి వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. తాతబ్బాయి ఆ చేతిని తన కోటులోపలికి తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

"ఏవండీ, ఆ రోజు కొట్టులోనే చెప్పబోయాను, ఈ మీట..." అంది వరహాలు.

"తెలు..." అని మొదలుపెట్టి, మింగేశాడు తాతబ్బాయి. "చెప్పు వరాలూ" అన్నాడు. ఆమె మెల్లగా, తడుముకుంటూ, మొత్తం చెప్పింది. అతను మొత్తం విన్నాడు.

కాకినాడ వచ్చాక పెట్టెలు మార్చుకోడానికి మళ్ళీ అదే కొట్టుకి వెళ్ళారు. ఈసారి తాతబ్బాయి పెట్టెని ముట్టుకోలేదు. ఊలు తొడుగులు భార్యకి అందించి, "ముందు నువ్వు నొక్కి చూడు" అన్నాడు. తర్వాత కొట్టువాడి వైపు తిరిగి, "బాబూ, ఆ రోజు ఏదో చెప్తున్నావు. చివరిదాకా చెప్పు" అన్నాడు.

ఎదుటివాళ్ళ మాట చివరిదాకా విననివాడికి, ఎంత గొప్ప పెట్టె చెవికి తగిలించినా ఆపద వేళ ఏమీ వినపడదు.