ఓబులేసు బండికి కొత్త చైను

పోరుమామిళ్ళ రోడ్డులో మోటారు సైకిళ్ళు బాగుచేసే దస్తగిరయ్యకు ఒక అలవాటు ఉండేది. శిష్యుడెవరైనా వచ్చి ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవాడు కాదు, చేతికి పానా ఇచ్చేవాడు. పగలు పానాలతోనూ సాయంత్రం చెక్కలతోనూ ఆయన బతుకు గడిచింది. చుట్టుపక్కల ఊళ్ళలో చెక్కభజన ఆడేవాళ్ళలో సగం మంది ఆయన దగ్గర అడుగు నేర్చుకున్నవాళ్ళే. మోకాళ్ళు మొరాయించాక గజ్జెలు విప్పేసి, తన బృందాన్ని పెద్ద శిష్యుడు ఓబులేసు చేతిలో పెట్టాడు. పెట్టి పన్నెండేళ్ళయింది. ఆ తర్వాత వాళ్ళ ఆట చూడ్డానికి ఒక్కసారి కూడా పోలేదు. రమ్మని బతిమాలితే, "నేనొస్తే మీరు నా కోసం ఆడతారు. దేవుడి కోసం ఆడండి, పోండి" అనేవాడు.

ఒక గురువారం మధ్యాహ్నం ఆ ఓబులేసే వచ్చాడు. అతను నాపరాళ్ళు పరిచే మేస్త్రీ. యాభై దాటినా మనిషి తను పరిచే రాయిలాగే ఉన్నాడు. అతనింకా మలుపు తిరగక ముందే బండి కటకట షెడ్డులోకి వినిపించింది. బండి ఆపి, పాత టైరు మీద కూచుని, తువ్వాలుతో మెడ తుడుచుకుని, అడిగేశాడు.

"అయ్యా, తాళం తప్పేవాళ్ళను మనసు నొప్పించకుండా పంపించల్లంటే ఎట్లా?"

సంగతి ఇది. బృందానికి ఇరవై ఏళ్ళుగా మద్దెల వాయించిన పెద్దనరసయ్యకు చేతులు వణకడం మొదలైంది. రెండు నెలల కిందట పక్క ఊరి నుంచి వెంగమ్మ అనే ఆమెను తెచ్చుకున్నారు. ముప్పై ఏళ్ళ మనిషి, అంగన్‌వాడీలో పని, మద్దెల తండ్రి దగ్గర నేర్చుకుంది. చెయ్యి మంచిదే. కానీ పాట మధ్యలో ఒకచోటికి వచ్చేసరికి ఆమె దెబ్బ ఒక దారి, వీళ్ళ అడుగులు ఒక దారి. శనివారం తిరునాళ్ళ. నాలుగు మండలాల జనం వస్తారు. అంతమందిలో నవ్వులపాలు కావడం కంటే ఈ రోజే ఆమెను మానిపించి, వణికినా సరే నరసయ్యనే కూచోబెడదామని ఎనిమిది మందీ తీర్మానం చేశారు. చెప్పే పని మాత్రం ఓబులేసు నెత్తిన పడింది.

"నాకు నోరు రాక ఆయమ్మను ఇక్కడికే రమ్మన్నానయ్యా. నాలుగింటికి వస్తాది. మీ ఎదురుగా చెప్తే ఆయమ్మకూ మర్యాద, నాకూ ధైర్యం."

"తప్పేది ఆయమ్మేనని ఎట్లా తెలిసె?"

"భలే అడుగుతారే! మేం ఎనిమిది మందిమి, ఆయమ్మ ఒక్కతి. ఎనిమిది మందికీ ఒకేసారి కాలు తప్పుతాదా?"

దస్తగిరయ్య గడ్డం గోక్కుంటూ బండి వైపు చూశాడు. "నీ గుర్రమేంది, అట్లా మొత్తుకుంటాంది?"

"కొత్త చైను వేయించినా. నెల కాలేదు, అప్పుడే అరుపులు. ఉత్త నాసిరకం."

"పాతది అరిచేదా?"

"యాడిది! పిల్లి నడిచినట్టుండేది. వదులైనప్పుడల్లా ఒక లింకు తీయిస్తే మళ్ళీ బిగుతుగా కూచునేది. అట్లా రెండు లింకులు తీయించినా."

"అంత మంచిదాన్ని ఎందుకు మార్చితివి?"

ఓబులేసు పక్కకు చూశాడు. "కనుమ ఎక్కేటప్పుడు, వెనకాల ఇంకో మనిషుంటే, పళ్ళ మీద నుంచి ఎగిరి దూకేది. చదును మీద మాత్రం బంగారమే."

పాత చైను ఎందుకైనా పనికొస్తుందని బండి పక్క డబ్బాలోనే ఉంది. దస్తగిరయ్య పానా అందించి "దాన్నే ఎక్కించు" అన్నాడు. ఓబులేసుకు ఎందుకో అర్థం కాలేదు, అయినా గురువు చేతి పానా కాదనలేదు. ఇరుసు నట్టు వదులు చేసి, చైను లాకు ఊడదీసి, కొత్తది తీసి పాతది చుట్టాడు. లాకు మూసి ఉన్న కొస చైను నడిచే వైపే ఉండేట్టు పెట్టాడు. ఆ పాఠం చిన్నప్పుడు ఈ షెడ్డులోనే ఒక మొట్టికాయతో నేర్చుకున్నాడు. బండిని నడిమి స్టాండు మీద నిలబెట్టి చక్రం తిప్పాడు. చప్పుడు లేదు. ఓబులేసు ముఖం వెలిగిపోయింది.

"చూసినారా! నోరు మెదపలా. అంతా కొత్తదాని తప్పే!"

"చక్రం విప్పు."

"మళ్ళీనా?"

"మళ్ళీనే."

చక్రం ఊడదీశాడు. దాని పక్కనుండే పళ్ళచక్రాన్ని కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. ఎట్లా ఉందని దస్తగిరయ్య అడిగితే, ఓబులేసు చుట్టూ వేలు తిప్పి చూసి, "మెరిసిపోతాంది. ఒక్క పన్ను విరగలా, ఒక్క పన్ను తక్కువ లేదు" అన్నాడు. దస్తగిరయ్య లోపలికి పోయి కొత్త పళ్ళచక్రం తెచ్చాడు. బోల్టు రంధ్రాలు సరిపోయేట్టు పాతదాని మీద ఆనించి పట్టుకున్నాడు.

ఓబులేసు వంగి చూశాడు. కొత్త పళ్ళు రెండు వైపులా సమానంగా, నిటారుగా ఉన్నాయి. కింద పాత పళ్ళు కొడవలి మొనల్లాగా వంగి ఉన్నాయి. మొదటి పన్ను వంగింది. రెండోదీ అంతే. చుట్టూ తిరిగి వచ్చినా ఒక్కటి కూడా నిలబడి లేదు. అన్నీ ఒకే పక్కకు, ఒకే కొలతన వాలి ఉన్నాయి. అందుకే ఇందాక ఒకదాన్ని చూసి ఇంకొకటి సరిగానే ఉందని అతని కన్ను నమ్మింది.

"పాత చైనూ సాగింది, ఇవీ వంగినాయి," అన్నాడు దస్తగిరయ్య. "కలిసి చెడినాయి కాబట్టి తగాదా లేదు." ముందు పక్కనుండే చిన్న పళ్ళచక్రం విప్పడానికి తానే కూచున్నాడు.

ఓబులేసు ఆ పాత పళ్ళచక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, వంగిన పళ్ళ మీద వేలు తిప్పాడు. అతనికి పాటలో వెంగమ్మ దెబ్బా తమ కాళ్ళూ విడిపోయే ఏడో అడుగు గుర్తుకొచ్చింది. ఏడో అడుగులో నేలకు తాకేంత కూచుని, తిరిగి లేవాలి. ఎనిమిదేళ్ళ కిందట కాలి మీద రాయి పడినప్పుడు, ఆ అడుగును సగం వంగి సరిపెట్టాడు. మోకాలు ఆరు నెలల్లో మానింది, సగం వంగే అలవాటు మానలేదు. ముందుండేవాడు వంగినంతే పక్కవాడు వంగాడు, తర్వాత అందరూ. నరసయ్య మంచివాడు, అక్కడొక దెబ్బ మింగేసి వాళ్ళను కాపాడుకుంటూ వచ్చాడు. నెమ్మది పాటల్లో ఎవరికీ తెలియలేదు. పోయినేడు తిరునాళ్ళలో పాట జోరందుకున్నాక మాత్రం ఎనిమిది మంది కాళ్ళూ ఎనిమిది దిక్కులకు పోయాయి. నేల ఎగుడుదిగుడుగా ఉందని అందరూ గుడి ధర్మకర్తను తిట్టి ఊరుకున్నారు.

అప్పుడే వెంగమ్మ వచ్చింది. భుజాన గుడ్డసంచిలో మద్దెల ఉంది. షెడ్డు గడప దగ్గరే నిలబడింది.

"చెప్పన్నా, గుటకలు మింగొద్దు. పొమ్మంటావని తెలిసే వచ్చినా. మద్దెల మా నాయనది, ఇడిసిపెట్టి పోను, ముందే చెప్తాండా."

ఓబులేసు లేచాడు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. "అమ్మా వెంగమ్మా, ఏడో అడుగు కాడ ఒక దెబ్బ ఎక్కువ వేస్తావే, అది యాడ నేర్చినావు?"

"ఎక్కువ కాదన్నా, ఉండేదే అంత. మా నాయన ఈ అయ్య ఆటకు వాయించినోడే గదా. ఆ దెబ్బకు అయ్య నేలకు తగిలేంత కూచునేదంట. మీ ఆటలో లేచేది కనపడతాది గానీ, కూచునేది యాడా కనపడదే!"

దస్తగిరయ్య నట్టు మీద నూనె వేస్తున్నాడు.

"సంచి విప్పు," అన్నాడు ఓబులేసు. "వాయించు."

ఆమె ఒక క్షణం అనుమానంగా చూసి, టైరు మీద కూచుని మద్దెల ఒళ్ళోకి తీసుకుంది. ఓబులేసు పంచె ఎగ్గట్టాడు. చెక్కల బదులు రెండు చేతుల్లో రెండు పానాలు పట్టుకున్నాడు. ఆరు అడుగులు జోరుగా వేశాడు. ఏడో దెబ్బ పడింది. అతను కూచున్నాడు. మరీ కూచున్నాడు, నూనె మరకల నేల మీద దబ్బున కూలబడ్డాడు. పానా ఒకటి ఎగిరిపోయి రేకు మీద గణగణమంది.

"కూచునేది వచ్చిందన్నా," అంది వెంగమ్మ నవ్వు ఆపుకోలేక. "లేచేది రేపు చూసుకుందాం."

అతనూ నవ్వాడు. నేల మీది నుంచే చేతులు జోడించాడు. "రేపు తెల్లారే రా తల్లీ. మేం ఎనిమిది మందిమీ కూచుని లేచేదాకా నీ చెయ్యి ఆపొద్దు. మా వాళ్ళు ఏమన్నా అంటే నన్ను చూపియ్యి."

ఆమె సరేనని మద్దెల సంచిలో పెట్టుకుని బస్సుకు పోయింది. పోతూ పోతూ ఇంకోసారి నవ్వడం రోడ్డు మీద నుంచి వినిపించింది.

ఆ లోపల దస్తగిరయ్య ముందూ వెనకా పళ్ళచక్రాలు రెండూ కొత్తవి బిగించి, నెల కిందటి చైనునే వాటి మీద చుట్టి, వేలితో పైకీ కిందకీ ఆడించి బిగువు చూశాడు. చక్రం తిప్పితే గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఓబులేసు బండెక్కాడు గానీ కిక్కు కొట్టలేదు.

"అయ్యా, బండికి అరిగినవన్నీ తీసి పారేస్తిరి. మేం ఎనిమిది మందిమీ అరిగినోళ్ళమే అని తేలిపాయె. మరి మమ్మల్ని మార్చమని ఒక్క మాటన్నా అనలేదే?"

దస్తగిరయ్య ఇరుసు నట్టును ఆఖరి చుట్టు బిగించి, పానా పక్కన పెట్టాడు.

"ఇది ఇనుము గదరా. దీనికి నేర్చుకునేది చేతకాదు."