మెడ తిప్పిన హంస

రండర్రా, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. పలకలు పక్కన పెట్టండి. ఆ చివర గుసగుసలాడేవాళ్ళూ, మీరూ ముందుకు రండి.

ఒకానొక రాజ్యంలో విజయభూపతి అనే రాజు ఉండేవాడు. మంచివాడే కానీ, ఏ పని చేసినా తనకంటే ముందు ఎవరూ చేయలేదనుకునేవాడు. ఒకసారి రాణిగారి చీర అంచుకి స్వయంగా బొమ్మ గీశాడు. ముక్కున తామరమొగ్గ కరుచుకున్న హంస!

ఆ చీరని ఊరేగింపులో గంగప్ప అనే నేతగాడు చూశాడు. చూసి ఊరుకోలేదు. తానూ ఒక హంసను నేశాడు. కాకపోతే అతని హంస మెడ వెనక్కి తిప్పి, తన వెంట వస్తున్న పిల్లల్ని చూస్తోంది.

సంగతి తెలిసి రాజు గంగప్పని పిలిపించాడు. "నా హంసని దొంగిలిస్తావా? రేపే నీ మగ్గం విరగ్గొట్టిస్తాను!"

"మెడ తిప్పాను ప్రభూ, పిల్లల్నీ పెట్టాను. ఆ మగ్గమే మా ఇంటిల్లిపాదికీ కూడు" అని గంగప్ప చేతులు జోడించాడు.

పక్కనే ఉన్న విదూషకుడు పేరయ్య గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, ఒక్క పరీక్ష పెట్టండి. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకుండా కొత్త చీర నేయమనండి. పది రోజుల్లో రాణిగారి పుట్టినరోజు కదా, దానికే కట్టుకుంటారు. నేయలేకపోతే మగ్గం విరగ్గొట్టండి. తమరే దగ్గరుండి చూడాలి సుమా!"

"భేష్! ఆ చీర సంగతి రాణికి ఇప్పుడే చెబుతాను" అన్నాడు రాజు.

మర్నాడు పొద్దున్నే రాజు గంగప్ప ఇంట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. మగ్గం మీద నేసిన చీర కోసేయగా మిగిలిన పాత పోగుల కొసలు వేలాడుతున్నాయి. గంగప్ప వేళ్ళకి బూడిద రాసుకుని, కొత్త పోగును పాత పోగు కొసకి మెలిపెట్టబోయాడు.

"ఆగాగు!" అని అరిచాడు పేరయ్య. "పాతదానికి అతుకుతావేం? ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదన్నారుగా! ఒక్కో పాత పోగూ పీకేసి, కొత్తది ఎక్కించు."

"అవునవును, పీకెయ్!" అన్నాడు రాజు.

మగ్గంలో ఒక్కో పోగుకీ ఒక సన్నటి కన్ను ఉంటుంది. అలాంటివి రెండువేల పైచిలుకు. గంగప్ప ఒక పోగు పీకుతాడు, కన్ను వెతుకుతాడు, కొత్తది దూరుస్తాడు. మధ్యాహ్నమయ్యేసరికి నలభై కూడా కాలేదు.

రాజు లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. "ఇలా అయితే ఎన్నాళ్ళోయ్?"

"ఎక్కించడానికే నెల పడుతుంది ప్రభూ. అతికితే రేపు సాయంత్రానికి అయిపోతుంది."

"నెలా! రాణికి మాటిచ్చానయ్యా! మిగతావి పీకకు. పాతవాటికే అతికెయ్!"

పేరయ్య వంగి నమస్కరించాడు. "తీర్పు తమ నోటే వచ్చింది ప్రభూ. ఈ మగ్గం మీద మొదటి పోగు ఎక్కించింది ఇతని ముత్తాత. అప్పటినుంచీ ప్రతి చీరా వెనకటి చీర కొస పట్టుకునే వచ్చింది."

రాజుకి కోపానికి బదులు కుతూహలం పుట్టింది. కిందికి వంగి చూశాడు. "మరి ఈ అతుకులు చీరలో కనపడవేం?"

"నేత మొదలయ్యేలోపే అవి ముందుకి జరిగిపోతాయి ప్రభూ. చీరలో ఉండేదంతా కొత్త పోగే" అన్నాడు గంగప్ప.

రాజు ఒక కొత్త పోగుని వేళ్ళ మధ్య పట్టుకుని చూశాడు.

"అడగకూడదు గానీ," అన్నాడు పేరయ్య మెల్లగా, "తమ హంస ఎక్కడిది ప్రభూ?"

రాజు మీసం సవరించుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. "మా అమ్మమ్మ నగలపెట్టె మూత మీద ఉండేదోయ్. నోట్లో తామరమొగ్గ మాత్రం నేనే పెట్టాను!" అని ఫక్కున నవ్వేశాడు.

ఆ నవ్వులోనే మెడలోని హారం తీసి పేరయ్యకి వేశాడు. చేతి కడియం గంగప్పకి తొడిగి, "పుట్టినరోజు చీర మీద నీ హంసే ఉండాలి. పిల్లలతో సహా!" అన్నాడు.

అదర్రా కథ. రేపు ఒక్కొక్కరూ దీన్ని నాకే చెప్పాలి. అచ్చం నేను చెప్పినట్టు చెబితే ఒప్పుకోను. మీ హంస ఎటు చూస్తుందో నేనూ చూడాలిగా! ఇక లేవండి, ఇళ్ళకి వెళ్ళి వేడివేడిగా అన్నాలు తినండి.