నక్క తలకి గిజిగాడి గూడు

వాగుకి ఇవతలి ఒడ్డున కాకులు, అవతలి ఒడ్డున గిజిగాళ్ళు. ఇవతల జొన్న విరగకాసింది గానీ, కాకుల గూళ్ళు చూస్తే నవ్వాగదు. అడ్డంగా నాలుగు పుల్లలు, నిలువుగా నాలుగు పుల్లలు. గట్టిగా గాలేస్తే గుడ్లు నేల మీదే. అవతల గూళ్ళకి వంక పెట్టలేం గానీ, ఆ ఏడు అక్కడ గింజ పండలేదు.

పిల్లల ఆకలి చూడలేక ఓ గిజిగాడు వాగు దాటి వచ్చి, జొన్నలకి బదులుగా నల్లమ్మ అనే కాకికి గూడు అల్లిపెట్టాడు. ఆ రాత్రి ఈదురుగాలికి గూడు ఊగింది గానీ ఊడలేదు. తెల్లారేసరికి కాకులన్నీ "నాకూ, నాకూ" అంటూ వాడి మీద పడ్డాయి.

ఆ ఒడ్డు సంతకి పెద్ద ఓ గుంటనక్క. తనకి వాటా లేని బేరమంటే ఆయనకి ఒళ్ళు మంట.

"ఏరా పిట్టా, మా సంతలో గూళ్ళు అమ్ముకోవాలంటే షరతుంది, తెలుసా?"

"చెప్పండి బావగారూ."

"ముందు ఆ అల్లకం మా కాకులకి నేర్పాలి. దీన్ని సాంకేతిక పరిజ్ఞాన బదిలీ అంటారు."

"అంటే ఏంటి బావా?" అంది నల్లమ్మ.

"వినడానికి బాగుందా లేదా?"

"బాగుంది."

"అయితే రెక్కలు కొట్టు!"

కాకులన్నీ టపటపా కొట్టాయి.

గిజిగాడు లెక్క వేసుకున్నాడు. నేర్పితే రేపు తనని పిలిచేదెవరు? నేర్పకపోతే ఇవాళ పిల్లలు తినేదేమిటి? పాపం, ఇవాళ్టి ఆకలే గెలిచింది. సరేనన్నాడు.

తన సొంత గూడొకటి తెచ్చి, నమూనాగా కొమ్మకి వేలాడదీశాడు. పోచ చీల్చడం, ముడి వెయ్యడం, లాగిన కొద్దీ ముడి బిగిసేలా తిప్పడం, ఏదీ దాచకుండా చూపించాడు. సగం అల్లాక ముక్కున ఉన్న పోచ పక్కన పెట్టేశాడు.

"ఇక్కడ ఆగాలి. అందులో కాపురం ఉండేవాళ్ళని పిలవాలి. మా ఇంట్లో అయితే మా చిట్టెమ్మని పిలుస్తాను. లోపల కూర్చుంటుంది, అటూ ఇటూ తిరుగుతుంది, ఊగి చూస్తుంది. ఊఁ అంటేనే మిగతా సగం. ఉహూఁ అంటే మళ్ళీ మొదలు."

నక్క పొట్ట పట్టుకుని నవ్వాడు. "పెళ్ళాం ఊఁ అంటే గానీ పని సాగదట్రా! మాకు నీ పనితనం కావాలి గానీ మీ ఆవిడ పెత్తనం ఎందుకు?"

"అది కాదు బావగారూ, నల్లమ్మ గూడప్పుడు కూడా ఆమెని కూర్చోబెట్టి..."

"నోర్ముయ్! పని సాగదీసే ఎత్తులు నా దగ్గరా? ఒరే కాకులూ, ఆ నమూనా చూసి అచ్చంగా అలాగే దించండి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకోను!"

కాకులు తెలివైనవే. నాలుగు రోజుల్లో పని పట్టేశాయి. నక్క గిజిగాణ్ణి పిలిచి, "బదిలీ అయిపోయింది. ఇక నువ్వు కూడా బదిలీ!" అని వాగు దాటించేశాడు. ఆ పైన గూటికో పీత చొప్పున కాకుల దగ్గర వసూలు చేసి, కరకరా నమిలాడు.

వాన పడింది. కాకులు కొత్త గూళ్ళలోకి ఎగబడ్డాయి. తల దూరింది. భుజాలు దూరలేదు. చెట్టు నిండా తోకలే! లోపల్నించి "కా... కా..." అని గొంతు నొక్కేసినట్టు అరుపులు. నల్లమ్మ ఒక్కతే గిజిగాడు తనకి అల్లిపెట్టిన గూట్లో వెచ్చగా కూర్చుని, నవ్వలేక చస్తోంది.

"మోసం! మా పీతలు మాకిచ్చెయ్!" అని కాకులు నక్క చుట్టూ మూగాయి.

"గూడు బంగారం లాంటిది! మీకే దూరడం చేతకాదు. ఊపిరి బిగబట్టాలి తిక్క మొహాల్లారా, ఇలా!" అంటూ నక్క కింది కొమ్మకున్న గూట్లోకి మూతి పెట్టి ఒక్క తోపు తోశాడు. చెవులు మడతపడి తల దూరిపోయింది. ఇక బయటికి రాదే! లాగిన కొద్దీ ముడులు బిగిశాయి. గూడు కొమ్మ నుంచి తెగి, తలతోపాటే ఊడొచ్చింది. ముఖానికి గూడు తగిలించుకుని పెద్దాయన చెట్టు చుట్టూ గిరగిరా తిరిగి, బురదలో కూలబడ్డాడు. కాకులు పీతల సంగతే మరిచిపోయి పడీ పడీ నవ్వాయి.

నల్లమ్మ ఎగిరెళ్ళి గిజిగాణ్ణీ చిట్టెమ్మనీ పిలుచుకొచ్చింది.

"బావగారూ, ఈ ముడి విప్పడం మీకు నేర్పమంటారా? నన్నే విప్పెయ్యమంటారా?" అన్నాడు గిజిగాడు వినయంగా.

"నేర్పొద్దు నాయనా! నువ్వే విప్పు!"

"మరి సంతలో నాకు చోటు?"

"నీదే! సంతంతా నీదే!"

"మరి చిట్టెమ్మ?"

"రమ్మను! కూర్చోమను! కావాలంటే నా వీపెక్కి ఊగమను!"

ముడి విడింది. ఆ పూట గిజిగాడి పిల్లలు కడుపు నిండా జొన్నలు తిన్నాయి. ఇప్పుడా ఒడ్డున కాకులే గూళ్ళు అల్లుతున్నాయి. సగం అయ్యాక మాత్రం గిజిగాణ్ణి పిలిచి, గింజలు పెట్టి, ఆ గూటికి రాబోయే కాకిని లోపల కూర్చోబెట్టి మరీ సరిచూసుకుంటున్నాయి.

నీతి: పని లాక్కోవాలని చూసేవాడికి ముడి వెయ్యడం వస్తుంది గానీ, ఎక్కడ ఆగి చూసుకోవాలో తెలియదు.