పంచె పాఠం

రత్నగిరి రాజు వీరకేతుడికి ఒక ఉదయం నిండుకొలువులో అరిసె తింటూ ఉండగా సందేహం వచ్చింది. ఆయనకు సందేహం వస్తే ఎవరికో ఒకరికి మూడినట్టే.

"ఇంత మెత్తగా ఎలా వచ్చింది? వండినవాళ్లను పిలవండి!"

వంటశాల నుంచి నీలవేణి వచ్చింది. వెంట బెల్లం వాసనా వచ్చింది. రాజుగారికి తాంబూలం చుట్టే లింగప్ప ఆకుకు సున్నం రాయడం మరిచిపోయాడు. ఆ వాసన తగిలితే చాలు, అతనికి కొలువులోని రాతి స్తంభాలు కూడా మెత్తగా కనిపిస్తాయి.

"పాకం కుదిరిందని నీకెలా తెలుస్తుందమ్మా?"

"చుక్క నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి చూస్తాను ప్రభూ. సరిగ్గా ఉంటే తెలుస్తుంది."

"సరిగ్గా అంటే?"

"అంటే... తెలుస్తుంది ప్రభూ."

ఆస్థాన పండితుడు అనంతభట్టు ఫక్కున నవ్వాడు.

"ఇది విద్య కాదు ప్రభూ, వేళ్ల అలవాటు! సూత్రం చెప్పలేకపోతే ఏమీ తెలియనట్టే. పాకం మీద నేను నూరు శ్లోకాలు చెబుతాను!"

"తమరు ఎప్పుడైనా పొయ్యి దగ్గరికి వెళ్లారా స్వామీ?" అన్నాడు లింగప్ప.

"ఛీ, పొగ!"

రాజుకు కొత్తమాట ఏది విన్నా నచ్చేస్తుంది. "నేటి నుంచి ఏ పనైనా ఎలా చేయాలో మాటల్లో చెప్పలేనివారు ఆ పని చేయరాదు! నీలవేణీ, నువ్వు మీ ఊరు వెళ్లిపో."

నీలవేణి కళ్లు నిండాయి. లింగప్ప చేతిలోని ఆకు పక్కన పెట్టి లేచాడు.

"ఈ ఆజ్ఞ అందరికీనా ప్రభూ?"

"అందరికీ!"

లింగప్ప ఒక కొత్త పంచె తెప్పించాడు. "భట్టుగారూ, తమరు రోజూ కట్టేదే కదా. ఎలాగో చెప్పండి. నా బట్టల మీదే కడతాను. తమరు చేతులు మాత్రం కదపకూడదు."

"ఇదీ ఒక పరీక్షేనా! నడుం చుట్టూ తిప్పు."

లింగప్ప పంచె పట్టుకుని గిరగిరా తిరిగాడు.

"నువ్వు కాదురా, పంచె తిరగాలి! ఆఁ, ఇప్పుడు కుచ్చిళ్లు పెట్టు."

"ఎంత వెడల్పు స్వామీ?"

"అది చేతికే తెలుస్తుందిరా!"

"చేతికా?"

భట్టు గతుక్కుమన్నాడు. "సర్లే, బొడ్డు దగ్గర దోపు. జారనంత బిగువుగా."

"జారనంత అంటే?"

"అంటే... తెలుస్తుందిరా మొద్దూ!"

లింగప్ప ఒక్క అడుగు వేశాడు. పంచె జర్రున జారి కాళ్ల దగ్గర కుప్పపడింది. అతను రాజుకు చేతులు జోడించాడు.

"ప్రభూ, భట్టుగారు చెప్పలేకపోయారు. ఆజ్ఞ ప్రకారం వారు కట్టుకున్న పంచె ఇప్పుడే విప్పి ఇచ్చేయాలి."

భట్టు రెండు చేతులా నడుం పట్టుకుని సింహాసనం వెనక్కి పరుగెత్తాడు. కొలువంతా ఘొల్లుమంది. రాజు నవ్వీ నవ్వీ అరిసె ఒళ్లో పడేసుకున్నాడు.

"ఆజ్ఞ రద్దు! ముందు భట్టుగారి మానం నిలబడాలి. నీలవేణి వంటశాలలోనే ఉంటుంది. లింగప్పా, నీకేం కావాలో కోరుకో."

లింగప్ప చెవులు ఎర్రబడ్డాయి. "నీలవేణికి ఇష్టమైతే... నీలవేణి."

రాజు మీసం చాటున నవ్వాడు. "ఏమ్మా, మంచివాడేనా? ఎలా తెలుసో సూత్రం చెప్పాలి సుమా!"

నీలవేణి తల వంచుకుంది.

"తెలుస్తుంది ప్రభూ."

రాజు తన ముత్యాలహారం తీసి ఆమె చేతిలో పెట్టాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టబోయిన భట్టు, ఏదో గుర్తొచ్చి, చేతులు మళ్లీ నడుం మీదికే తెచ్చుకున్నాడు.