గూడబాతు గొంతు కుట్టించుకున్న కథ

అనగా అనగా, చేపలకు కూడా మాటలొచ్చిన రోజుల్లో, ఒక పెద్ద మంచినీటి సరస్సు ఉండేది. ఆ సరస్సు నడుమ నీళ్ళలోనే మొలిచిన తుమ్మచెట్లు, ఆ చెట్ల నిండా గూడబాతుల కాపురాలు.

గూడబాతును మీరు చూశారో లేదో! ఒళ్ళంతా తెలుపు. మూరెడు ముక్కు. ఆ ముక్కు కింద నుంచి మెడ దాకా వేలాడే తోలు తిత్తి. నీళ్ళలో మూతి ముంచి, తిత్తి నిండా చేపల్ని తోడుకుని, నీళ్ళు వదిలేసి చేపల్ని ఉంచుకుంటుంది. దేవుడు దానికి వలా బుట్టా రెండూ మెడకే కట్టి పంపించాడు.

ఆ గూడబాతుల్లో లంబకంఠుడని ఒకడు. అతని భార్య సుముఖి. వాళ్ళకు ముగ్గురు పిల్లలు, ఇంకా రెక్కలు రాలేదు. లంబకంఠుడు మంచివాడే, కష్టపడేవాడే. కాకపోతే నీళ్ళలో తన నీడ కనిపిస్తే చాలు, చేపల సంగతి మరిచిపోయి అటు తిరిగీ ఇటు తిరిగీ చూసుకునేవాడు.

ఒకనాడు సరస్సుకు కబురొచ్చింది. రాజహంసల రాజు ఉత్తరదేశానికి తిరిగి వెళుతూ ఇక్కడ ఒక పూట దిగుతాడట! పక్షులన్నీ సభ చేశాయి. సభకు పెద్ద ఏకపాదుడనే ముసలి కొంగ. ఎప్పుడూ ఒంటికాలి మీద నిలబడి, ప్రపంచమంతా తన రెండో కాలి కింద ఉన్నట్టు మాట్లాడతాడు.

"రాజుగారికి ఎదురేగి స్వాగతం చెప్పడానికి మంచి నిండైన విగ్రహం కావాలి. మనలో లంబకంఠుడంత పెద్ద పక్షి లేదు, అంత తెల్లటి పక్షీ లేదు" అన్నాడు ఏకపాదుడు.

లంబకంఠుడి గుండె పొంగింది.

"కాకపోతే..." అని ఏకపాదుడు మెడ సాగదీశాడు. "ఆ గొంతే బాగోలేదు. స్వాగతం చెప్పడానికి వచ్చావా, సంచీ పట్టుకుని సంతకు వచ్చావా అని రాజుగారు అడిగితే మా పరువేం కావాలి?"

సభంతా పకపకా నవ్వింది. లంబకంఠుడికి తల కొట్టేసినట్టయింది. తన ముఖం సగం అందంగా ఉండి, మిగతా సగం వేలాడుతోందని ఆ రోజే అతనికి తెలిసింది. అప్పటి నుంచి తిండి సయించలేదు.

ఆ సరస్సు గట్టున బెండతోటలో సూచిక అనే కుట్టుపిట్ట ఉండేది. పిడికిట్లో పట్టేంత పిట్ట. ముక్కే సూది, సాలీడు అల్లిన పట్టే దారం. ఆకులు మడిచి కుట్టి గూడు కట్టుకోవడం దాని కులవిద్య. తర్వాత్తర్వాత పనితనం పెరిగి ముఖాలు కుట్టడం మొదలుపెట్టింది. ఒక ముసలి గద్దకు కళ్ళ కింది ముడతలు లాగి బిగించింది. ఒక కోడిపుంజుకు మెడ కింది తోలు మడిచి కుట్టింది. ఆ పుంజు ఇప్పుడు తెల్లారకముందే కాదు, ఎవరు చూస్తే అప్పుడల్లా కూస్తోందని చెప్పుకునేవారు.

లంబకంఠుడు దాని దగ్గరికి వెళ్ళాడు. సూచిక అతని గొంతు మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూసింది.

"ఇది నొప్పి పెడుతోందా బాబూ?"

"లేదు."

"ఈదేటప్పుడు అడ్డం వస్తోందా?"

"లేదు."

"మరి కుట్టడం దేనికి?"

"చూసేవాళ్ళకు బాగోలేదు."

"సరే, ఆఖరి మాట. నిజం చెప్పాలి. దీనితో నీకు తప్ప ఇంకెవరికైనా పని ఉందా?"

లంబకంఠుడు ఒక్క క్షణం తటపటాయించాడు. గూడబాతు పిల్లలు నేల మీద తినవు. తల్లిదండ్రుల నోట్లో తల దూర్చి, ఆ తిత్తిలోంచే తింటాయి. అతని పిల్లలకు ఆ గొంతే కంచం. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసీ, 'వాళ్ళమ్మకు ఒకటి ఉందిగా' అనుకున్నాడు.

"నా గొంతు, నా ఇష్టం. ఇంకెవరికి పని?" అన్నాడు.

సూచిక వేలాడే తోలంతా మడిచి, పైకి లాగి, సాలెపట్టుతో సన్నగా కుట్టేసింది. కూలి కింద తన గూట్లో పరుచుకోవడానికి రెండు మెత్తటి ఈకలు తీసుకుని, మూడు పత్యాలు చెప్పింది.

"నవ్వకూడదు. ఆవలించకూడదు. అరవకూడదు."

లంబకంఠుడు మూతి బిగించుకుని ఇంటికొచ్చాడు. సుముఖి అతన్ని ఎగాదిగా చూసింది.

"ఎవరండీ మీరు? మా ఆయన ఇంట్లో లేరు" అంది.

"నేనేనే" అన్నాడు పళ్ళు కరుచుకున్నట్టు.

సుముఖికి మొదట నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. ఆ తర్వాత పిల్లల వంక చూసి భయమేసింది. "ఏం పని చేసుకొచ్చారండీ!" అని తల బాదుకుంది. అతను జవాబు చెప్పలేదు. అరవకూడదన్న పత్యం ఆ రోజు అతనికి బాగా పనికొచ్చింది.

బయట మాత్రం మెప్పే మెప్పు. "మెడంటే ఇదీ!" అన్నాయి కొంగలు. "మీరు లంబకంఠుడా, లంబకంఠుడి తమ్ముడా?" అని అడిగింది ఒక నీటికోడి. లంబకంఠుడికి నవ్వాలనిపించింది కానీ కుట్లు గుర్తొచ్చి ఆగిపోయాడు. అందం వచ్చింది, ఆనందించే వీలు పోయింది.

మర్నాడు వేటకు వెళ్ళాడు. అలవాటు చొప్పున మూతి ముంచాడు. తిత్తి తెరుచుకోలేదు. ముక్కు చివర ఒక్క పరక చేప మాత్రం చిక్కింది. మిగతా చేపలు వచ్చి అతని చుట్టూ తిరిగి చూశాయి. "పాపం, దుకాణం కట్టేసినట్టున్నాడు" అంది ఒక జెల్ల.

మధ్యాహ్నం ఎండ మండింది. గూడబాతులకు చెమట పట్టదు. గొంతు తోలును విసనకర్రలా అల్లాడిస్తేనే ఒళ్ళు చల్లబడుతుంది. చుట్టూ బంధువులంతా గొంతులు అల్లాడిస్తూ హాయిగా కునుకు తీస్తుంటే, లంబకంఠుడు మెడ దాకా నీళ్ళలో దిగి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అటుగా పోతున్న తాబేలు అతను తపస్సు చేస్తున్నాడనుకుని దణ్ణం పెట్టి, తన పిల్లకు సంబంధం ఎప్పుడు కుదురుతుందో చెప్పమంది.

ఇవన్నీ ఓర్చుకున్నాడు. సాయంత్రం ఇంటికి రావడమే కష్టమైంది.

ఆ పరక చేపను తీసుకొచ్చి గూటి మధ్యలో పెట్టాడు. పిల్లలు ముగ్గురూ చేపను చూశారు, తండ్రిని చూశారు.

"ఇదేంటి నాన్నా?" అంది పెద్దది.

"చేప."

"చేప నీ గొంతులో కదా ఉండాలి?" అంది రెండోది.

అంతలో ఆ చేప పుల్లల సందులోంచి జారి, కింద నీళ్ళలో పడి, బతుకుజీవుడా అని ఈదుకుంటూ పోయింది.

ఇక పిల్లలకు సుముఖి గొంతొక్కటే దిక్కు. ఆమె వేట తెచ్చిందో లేదో, పెద్దది ఒక పక్క నుంచి, రెండోది ఒక పక్క నుంచి దూరిపోయేవి. చిన్నదానికి తల పెట్టే సందు దొరికేది కాదు. సుముఖి ఎన్నిసార్లు వెళ్ళి తెచ్చినా ఆ ఇద్దరి ఆకలే తీరేది కాదు. రోజురోజుకూ చిన్నది చిక్కిపోయింది. మొదట్లో ఆకలేసి అరిచేది. తర్వాత అరవడం మానేసింది. సుముఖి మొగుణ్ణి తిట్టడం కూడా మానేసింది. అది చూశాకే లంబకంఠుడు కదిలాడు.

పరుగున సూచిక దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, కుట్లు విప్పెయ్యి. పిల్లది ఆకలితో మాడుతోంది."

"ఎవరికీ పని లేదన్నావు కదయ్యా!"

"అబద్ధం చెప్పాను."

సూచిక బిక్కముఖం వేసింది. "ముందే ఈ మాట చెప్పి ఉంటే ముట్టుకునేదాన్నే కాదు. నాకు కుట్టడమే వచ్చు బాబూ, విప్పడం నేర్చుకోలేదు. నా గూటి కుట్లు ఆకు ఎండితే వాటంతటవే ఊడిపోతాయి. నీవీ వానలు పడేనాటికి ఊడతాయి" అంది.

వానలు పడేనాటికి ఊడితే ఎవరికి లాభం? లంబకంఠుడు కాళ్ళీడ్చుకుంటూ తిరిగొస్తుంటే దారిలో ఏకపాదుడు ఎదురయ్యాడు. లంబకంఠుడు పిల్లల సంగతి చెప్పుకున్నాడు.

"రేపు పొద్దున్నే రాజుగారు దిగుతున్నారు. మెడ జాగ్రత్త! పిల్లలంటావా, ఒక్క పూటకేం కాదులే. రేపు ఒక్కరోజు నిలబడ్డావంటే, నీ పేరు ఈ సరస్సు ఉన్నంతకాలం నిలుస్తుంది" అన్నాడు.

లంబకంఠుడు తల ఊపాడు. ఒక్క పూటే కదా అనుకున్నాడు.

తెల్లవారింది. సుముఖి వేటకు వెళ్ళింది. లంబకంఠుడు ఈకలు దువ్వుకుని, సన్నటి మెడ నిటారుగా నిలిపి బయలుదేరబోయాడు. చిన్నది మెల్లగా లేచింది. తూలుతూ వచ్చి, తండ్రి గొంతు మీద ముక్కుతో టక్కుమని కొట్టింది. కాసేపు ఆగి మళ్ళీ కొట్టింది. మూడోసారి కొట్టి, ఇక ఎవరూ తలుపు తియ్యరనుకుందేమో, అక్కడే తల వాల్చేసింది.

లంబకంఠుడికి ఇక స్వాగతం లేదు, రాజు లేడు. రెక్కలు విదిల్చి సరస్సు నడిమధ్యకు ఎగిరి, చేపలు గుంపుగా తిరిగే చోట దబ్బున దూకాడు. మూతి ముంచి, ఉన్న బలమంతా పెట్టి నోరు తెరిచాడు.

ఒక కుట్టు తెగింది. ప్రాణం పోయినట్టయింది. ఇంకొకటి తెగింది. కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత కుట్లన్నీ పటపటా తెగి, గొంతు భళ్ళున తెరుచుకుంది. దుకాణం కట్టేశాడన్న జెల్లతో సహా చేపలన్నీ అందులోకి వచ్చి పడ్డాయి.

సరిగ్గా అప్పుడే రాజహంసలు నీళ్ళ మీద దిగాయి. కొంగలు బారులు తీరి తలలు వంచాయి. ఏకపాదుడు అటూ ఇటూ వెతుకుతున్నాడు. అతని నెత్తి మీదుగా లంబకంఠుడు బరువుగా ఎగిరిపోతూ, తిత్తిలోని నీళ్ళు మొత్తం అతని మీదే వదిలేశాడు. కావాలని చేశాడో లేదో నేను చెప్పలేను. ఏకపాదుడు మాత్రం ఆ రోజు రెండు కాళ్ళ మీదా నిలబడ్డాడు.

"ఎవరా పక్షి?" అడిగాడు హంసరాజు.

"తమకు స్వాగతం చెప్పవలసినవాడు, ప్రభూ" అని నసిగాడు ఏకపాదుడు.

హంసరాజు తుమ్మచెట్టు కిందికి ఈదుకుంటూ వచ్చి తలెత్తి చూశాడు. లంబకంఠుడు నోరు బార్లా తెరుచుకుని ఉన్నాడు. గొంతు వంకరటింకరగా, ఒక పక్క చిరుగుతో, మునుపటికన్నా కిందికి వేలాడుతోంది. అందులో చిన్నది నిలువునా దూరిపోయి ఉంది. బయటికి రెండు కాళ్ళు మాత్రం తన్నుకుంటూ కనబడుతున్నాయి.

"ఏమయ్యా, మమ్మల్ని పలకరించవా?" అన్నాడు రాజు.

లంబకంఠుడు పలకలేదు. అప్పుడే వేట నుంచి వచ్చి వాలిన సుముఖి చేతులు జోడించినట్టు రెక్కలు ముడిచింది.

"ఏమీ అనుకోకండి మహారాజా! ఆయన నోట్లో పిల్ల ఉంది" అని, జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పింది.

హంసరాజు నవ్వి నవ్వి నీళ్ళలో గుండ్రంగా తిరిగాడు. "సన్నటి మెడలు మా ఇంట్లో బోలెడున్నాయి. ఇంత దూరం వచ్చింది వాటిని చూడటానికా? ఆ పిల్లను కడుపునిండా తిననివ్వండి. స్వాగతం తర్వాత వింటాను" అన్నాడు. అని, నిజంగానే అక్కడ ఆగాడు. రాజు ఆగాడు కాబట్టి కొంగలన్నీ ఎండలో ఆగక తప్పలేదు.

ఎంతసేపటికో లంబకంఠుడి గొంతు లోపలి నుంచి గట్టిగా ఒక అరుపు వినిపించింది.

"ఇంకా కావాలి నాన్నా!"

గొంతు మండిపోతున్నా ఆ తండ్రి మళ్ళీ సరస్సు మీదికి ఎగిరాడు.

కాబట్టి పిల్లలూ, మన ముఖాన్ని మనం చూసుకునేది కాసేపే, దాన్ని నమ్ముకుని కడుపు నింపుకునేవాళ్ళు ఇంట్లో ఉంటారు. దాన్ని దిద్దించుకునే ముందు వాళ్ళను ఒక్క మాట అడగాలి.